బ్యాటరీ భాయ్ నీళ్ళకు నేను పెట్టిన పరీక్ష

మిల్లులో నా గది తలుపు మీద 'ల్యాబ్' అని ఒక్క మాట రాసి ఉండేది. దేని ల్యాబో రాయలేదు. అలా రాయకపోవడం వల్ల ముప్ఫై ఏళ్ళపాటు నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

నిజానికి నేను చేయవలసింది దూది పరీక్ష. చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న స్పిన్నింగు మిల్లు మాది. లారీలో వచ్చిన బేలులోంచి గుప్పెడు దూది లాగి, పోగు పొడవెంత, బలమెంత, తేమెంత, చెత్తెంత అని చూసి కాయితం మీద సంతకం పెడితే నా పని అయిపోయినట్టే. కానీ తలుపు మీద ల్యాబ్ అని ఉంది కాబట్టి క్యాంటీను వంటాయన నూనె పట్టుకొచ్చి వాసన చూడమనేవాడు. స్టోర్సు గుమాస్తా వాళ్ళ అత్తగారు పంపిన తేనె అసలుదో బెల్లం పాకమో తేల్చమనేవాడు. ఒకసారి హాజరు వేసే టైమ్ ఆఫీసు ఆయన మంగళగిరి చీర తెచ్చి, ఇది చేమగ్గం మీద నేసిందా మరమగ్గం మీద నేసిందా, ఇంట్లో గొడవగా ఉంది, కాయితం మీద రాసివ్వండి అన్నాడు. రాసిచ్చాను కూడా. గొడవ పెద్దదయిందని తర్వాత తెలిసింది.

నాకు తెలియదు అని ఎవరికీ చెప్పలేదు. అదీ నా జబ్బు. ఆ మాట నా నోటి నుంచి రావడానికి యాభై మూడేళ్ళు పట్టింది. అదెలా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదివి నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక మాత్రం వెళ్ళి మీ పరీక్ష గొట్టాలు ఒకసారి చూసుకోండి.

ఒక ఏప్రిల్ నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. పోవడం మామూలే. పోయిన కాసేపటికే జనరేటర్ దానంతటదే అందుకోవాలి. ఆ రోజు అందుకోలేదు. దాన్ని స్టార్టు చేసే బ్యాటరీలు రెండుసార్లు టకటకమని ఊరుకున్నాయి. మిషన్లన్నీ ఆగిపోయాయి. మళ్ళీ తిరిగేసరికి వేల పోగులు తెగి వేలాడుతున్నాయి. తెగిన ప్రతి పోగునూ ఆడవాళ్ళు చేత్తో అతకాలి. షిఫ్టు దిగేదాకా అతుకుతూనే ఉన్నారు, జనరేటర్‌నీ దాన్ని కొన్న మనిషినీ తిడుతూనే ఉన్నారు. కొన్నది మా జనరల్ మేనేజరు గారు. ఆయన తన గదికి వెళ్ళాలంటే వాళ్ళ మధ్య నుంచే నడవాలి.

మేనేజరు గారు చెడ్డవారు కాదు. కాకపోతే మిల్లులో ఏ తప్పు జరిగినా సాయంత్రం లోపల ఆ తప్పుకు ఒక మనిషి దొరకాలి ఆయనకు. ఆ రోజు మొదట దొరికింది మా ఎలక్ట్రీషియన్. చెవి మీద టెస్టర్ పెట్టుకుని తిరిగే మనిషి. పాతికేళ్ళ సర్వీసు.

"బ్యాటరీలు చచ్చిపోయినయ్ సార్. కొని ఏడాదిన్నర కూడా కాలా. నీళ్ళల్లోనే ఉంది తేడా," అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

ఆ నీళ్ళంటే డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీలో నీళ్ళు ఎండకు తగ్గిపోతుంటాయి, మళ్ళీ పోస్తుండాలి. పోసే నీళ్ళలో ఉప్పు, సున్నం ఏమీ ఉండకూడదు. ఉంటే లోపలి పలకలు పాడైపోతాయి. అందుకని నీళ్ళు మరగబెట్టి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్ళే పోస్తారు. మా మిల్లుకు ఆ నీళ్ళు పేటలో ఒక బ్యాటరీ షాపు నుంచి వచ్చేవి. షాపు ఆయన్ని ఊరంతా బ్యాటరీ భాయ్ అనేది. అరవై దాటిన మనిషి, చొక్కా చేతులు యాసిడ్ పడి చిల్లులు చిల్లులుగా ఉండేవి. షాపు వెనక రేకుల షెడ్డులో స్టీలు బాయిలర్ పెట్టుకుని నీళ్ళు ఆయనే తీసేవాడు. హైవే మీది మిల్లులూ ఆటోవాళ్ళూ ట్రాక్టర్లవాళ్ళూ అందరూ ఆయన దగ్గరే కొనేవాళ్ళు.

ఆయన పరీక్ష ఒకటుండేది. ప్రతి డబ్బాలోంచీ ఒక చుక్క తీసి అద్దం ముక్క మీద వేసి ఎండలో పెట్టేవాడు. చుక్క ఆరాక అద్దం మీద తెల్లటి మచ్చ మిగలకపోతేనే డబ్బాకు మూత. అది చూసి నేను ఒకసారి నవ్వాను. బీయస్సీ చదువుకున్నవాడిని, నవ్వకపోతే ఎలా?

మేనేజరు గారు నన్ను పిలిచి, "ఏమండీ, మీరు టెస్టు చేసి రాసివ్వండి. నీళ్ళు మంచివా, కావా, ఒక్క ముక్క చాలు," అన్నారు.

అప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోను. ముప్ఫై ఏళ్ళ నుంచి దూది పీకుతున్నవాడికి మళ్ళీ కెమిస్ట్రీ చేతికొచ్చింది. సిల్వర్ నైట్రేట్ అని ఒక మందుంది. ఉప్పు కలిసిన నీళ్ళలో అది రెండు చుక్కలు వేస్తే నీళ్ళు తెల్లగా విరుగుతాయి. ఉప్పు లేకపోతే ఏమీ కాదు. అంత తేలిక. రెండు నెలల కిందటే ఆ మందు కలిపి గోధుమరంగు సీసాలో పెట్టుకున్నాను. దానితో ఒకటే ఇబ్బంది, ఎక్కడ పడితే అక్కడ నల్లగా మచ్చ పడుతుంది. నా వేళ్ళ మీదా పడేది, గాజు గొట్టాల మీదా పడేది. అంతకు పది రోజుల ముందు ఆడిటర్లు వస్తారని, ల్యాబులో గాజుసామాను కడిగే ఆయమ్మ మీద విసుక్కున్నాను. గొట్టాలు ఇలా ఉంటే వాళ్ళేమనుకుంటారు, మెరవాలి అన్నాను. ఆ తర్వాత నిజంగానే మెరిశాయి. ఎలా మెరిశాయని నేను అడగలేదు.

బ్యాటరీ గదిలో సగమున్న భాయ్ డబ్బా తెప్పించాను. గొట్టంలో నీళ్ళు పోసి రెండు చుక్కలు వేశాను. బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడింది. ఒక్క డబ్బాతో రాసివ్వడం పద్ధతి కాదని పేటలో భాయ్ షాపు నుంచి కొత్త డబ్బా తెప్పించాను. తెల్లబడింది. నరసరావుపేట రోడ్డులో ఇంకో షాపుది తెప్పించాను. అదీ తెల్లబడింది. గుంటూరు నుంచి నీలం లేబులున్న కంపెనీ డబ్బా, చీరాలకు పనిమీద వెళ్ళినవాడితో అక్కడిది. అన్నీ తెల్లబడ్డాయి.

బుర్ర ఉన్న మనిషైతే అక్కడ ఆగాలి. ఊళ్ళన్నింటి నీళ్ళూ ఒకేలా విరుగుతుంటే పరీక్ష మీద అనుమానం రావాలి. నాకు మాత్రం నా మీద గౌరవం పెరిగింది. ఇంతమంది ఇన్నేళ్ళుగా జనాన్ని మోసం చేస్తుంటే కనిపెట్టినవాడిని నేనొక్కడినే కదా అనుకున్నాను. రెండు పేజీల రిపోర్టు రాశాను. బ్యాటరీ భాయ్ నీళ్ళు వాడకానికి పనికిరావు అని చివర గీత గీసి మరీ రాశాను.

నా రిపోర్టు అందిన సాయంత్రానికే మేనేజరు గారికి కావలసిన మనిషి దొరికాడు. భాయ్ దగ్గర సరుకు ఆపేశారు. అంతటితో ఊరుకోకుండా పక్క మిల్లులవాళ్ళకు ఫోన్లు చేసి చెప్పారు. వారం తిరక్కుండా మూడు మిల్లులు ఆయన దగ్గర నీళ్ళు మానేశాయి. టీ బంకుల దగ్గర మాట ఇంకా పెరిగింది. భాయ్ బోరునీళ్ళు పట్టి మూతలు బిగిస్తున్నాడంట, మిల్లు ల్యాబులో పట్టేశారంట అని. మా పలనాటి బోరునీళ్ళంటే తెలుసుగా, టీ కాస్తే పాలు విరుగుతాయి. ఆ నీళ్ళు అమ్ముతున్నాడనడం కంటే పెద్ద తిట్టు లేదు.

పదో రోజున భాయ్ మోపెడ్ మీద మిల్లుకొచ్చాడు. ముందు కాళ్ళ దగ్గర మూత బిగించిన కొత్త డబ్బా. గేటులో ఎవరూ ఆపలేదు, అందరికీ తెలిసిన మనిషే. నేరుగా నా గదికి వచ్చి డబ్బా బల్ల మీద పెట్టాడు.

"నా ముందర చెయ్యండి సారూ, చూస్తా," అన్నాడు.

"చేశాను కదా భాయ్ గారూ, మీ డబ్బాలే రెండు చేశాను."

"నేను చూడలా గదా. ముప్ఫై ఏళ్ళ నుంచి ఇదే పని చేస్తన్నా. నిన్న మా ఇంటావిడ అడిగింది నన్ను, నిజంగానే బోరునీళ్ళు కలిపావా అని. ఊళ్ళోవాళ్ళు అంటే పడ్డా. ఆవిడ అడిగితే మాత్రం నా వల్ల కాలా."

 అయినా పరీక్ష పరీక్షే కదా అనుకున్నాను. సంగతి తెలిసి మేనేజరు గారు వచ్చారు. వెనకాలే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఆయమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అందరి ముందూ మూత తీయించి, మెరిసే గొట్టం ఒకటి తీసి నీళ్ళు పోసి, రెండు చుక్కలు వేశాను. తెల్లబడింది.

 భాయ్ ఆ గొట్టాన్ని వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. నేను ఆయన మొహం వైపు చూడలేక కిటికీలోంచి లారీల వైపు చూశాను.

తర్వాత ఆయన గోధుమరంగు సీసా వైపు వేలు పెట్టి అడిగాడు. "ఆ మందు పొడా, నీళ్ళా సారూ?"

"పొడే. నీళ్ళలో కలుపుతాం."

"ఏ నీళ్ళల్లో?"

"డిస్టిల్డ్ వాటర్‌లో. మామూలు నీళ్ళు పనికిరావు."

"ఎవరి కొట్టువి?"

 "మీవే," అన్నాను.

"ఒకసారి ఆ సీసాలో మందు చూపీండి."

చుక్కలు వేసే డ్రాపర్‌తో పైకి పీల్చి చూపించాను. ఎక్కడా చిన్న తెలుపు కూడా లేదు.

"రెండు నెలల నుంచి నా నీళ్ళు ఈ మందుతో కలిసే ఉన్నయ్ గదా. సీసాలో విరగని నీళ్ళు గొట్టంలో పోసేసరికి ఎందుకు విరిగినయ్ సారూ?" అన్నాడు.

బీయస్సీ చదివిన నాకు రావలసిన ప్రశ్న ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి వచ్చింది. మేనేజరు గారు నా వైపు చూస్తున్నారు. కాలేజీలో మా మాస్టారు మొదటి రోజే చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఏ నీళ్ళు పరీక్ష చేస్తామో ఆ నీళ్ళతోనే గొట్టాన్ని మూడుసార్లు తొలవాలి. నేను తొలవలేదు. గొట్టాలు మెరుస్తున్నాయి కదా, తొలిచేదేముంది?

భాయ్ డబ్బాలోని నీళ్ళతోనే, మెరిసే గొట్టం ఇంకోదాన్ని మూడుసార్లు కాదు, ఆరుసార్లు తొలిచాను. నీళ్ళు పోసి చుక్కలు వేశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మళ్ళీ రెండు చుక్కలు వేశాను. ఏమీ కాలేదు.

"ఈ గొట్టాలు ఎవరు కడిగారు?" అన్నారు మేనేజరు గారు. ఆయనకు ఇంకో మనిషి కావలసొచ్చాడు మరి.

నేను నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి ఆయమ్మ గొంతు మిల్లంతా వినపడేలా లేచింది. "నేనేనయ్యా కడిగింది! మచ్చలు పోవాలి, మెరవాలి అని ఈ సారు గొడవ చేస్తే, చినగంజాం నుంచి మా తమ్ముడు తెచ్చిచ్చిన కల్లుప్పు, ఇంత చింతపండు వేసి ఒక్కో గొట్టం తోమా. రాగి బిందె కూడా అంత బాగా తోమలా ఏనాడూ. తోమి, బోరునీళ్ళల్లో జాడించి ఎండబెట్టా. మెరవలేదా? మెరిసినయ్యా లేదా, చెప్పమనండి సారుని!"

"మెరిశాయి," అన్నాను.

భాయ్ మొదటిసారి నవ్వాడు.  కానీ మేనేజరు గారు వదల్లేదు. నీళ్ళు మంచివైతే బ్యాటరీలు ఎందుకు చచ్చినట్టు? బ్యాటరీ గదిలోని పాత డబ్బా తెప్పించి, శుభ్రంగా తొలిచిన గొట్టంలో మళ్ళీ చూశాను. ఇంతకు ముందులాగే తెల్లబడింది.

భాయ్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. "డబ్బా నాదే. నీళ్ళు మాత్రం నావి కాదు," అన్నాడు.

అందరం ఎలక్ట్రీషియన్ వైపు తిరిగాం. చెవి మీది టెస్టర్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎండలకి బ్యాటరీ బాగా తాగుతంది సార్. డబ్బా అయిపోతే స్టోర్సులో రాసి తెప్పించేసరికి వారం. అందుకని ఖాళీ డబ్బాలో నేనే పట్టి ఉంచుతన్నా. మంచినీళ్ళేనండీ! బోరునీళ్ళు పోస్తానా నేను? మీ గదికి వచ్చే క్యాను నీళ్ళు. మీరు తాగే నీళ్ళకన్నా మంచివి ఈ మిల్లులో ఇంకెక్కడుంటయ్ సార్?"

"అంటే నేను తాగే నీళ్ళు..." అని మేనేజరు గారు నా చేతిలోని తెల్లటి గొట్టం వైపు చూశారు.

"తాగడానికి బాగానే ఉంటాయి సార్," అన్నాను. "మనుషులు తాగొచ్చు. బ్యాటరీలు తాగకూడదు."

 అప్పటికి ఆ గదిలో తప్పు లేని మనిషి భాయ్ ఒక్కడే. నా రిపోర్టు తప్పని అన్ని మిల్లులకూ ఉత్తరం రాయమని మేనేజరు గారు నాకు చెప్పారు. రాస్తానన్నాను.

"కాయితం నాకొద్దు సారూ," అన్నాడు భాయ్. "కాయితం ఆ మిల్లుల దాకా పోద్ది, అంతే. టీ బంకుల్లో కాయితాలు చదవరు. ఆదివారం సంతకి చుట్టుపక్కల ఊళ్ళోళ్ళంతా వస్తారు. ఈ గొట్టాలు, ఈ సీసా తెచ్చుకుని నా కొట్టు ముందర కూర్చోండి. అందరి ముందర అన్నమాట, అందరి ముందరే పోవాల."

ఆదివారం పొద్దున్నే కొట్టు ముందు బల్ల వేసుకుని కూర్చున్నాను. సంతలో జోళ్ళు కుట్టే ఆయనకు నాకు మధ్య మూడడుగుల దూరం. తెలిసినవాళ్ళు చూస్తారని తలవంచుకుని కూర్చున్నాను. తెలిసినవాళ్ళు చూడటమే అక్కడ నా పని అని కాసేపటికి గానీ గుర్తురాలేదు. ఆయమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చింది. పక్కన పీట వేసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో గొట్టాలు మూడేసిసార్లు తొలుస్తూ, ఇంత మంచి నీళ్ళు పారబోయడం ఏం పద్ధతో అని గొణుగుతూనే ఉంది. భాయ్ ప్రతి డబ్బా మూతా మనుషుల ముందే తీశాడు. నేను చుక్కలు వేశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

జనం చూశారు గానీ నమ్మలేదు. ఒక ఆటోవాడు, "మొన్న ఈయనే గదరా చెడ్డవన్నాడు, ఇయ్యాళ ఈయనే మంచివంటన్నాడు. ఏం పెట్టాడో భాయ్," అని పక్కవాడితో గట్టిగానే అన్నాడు.  కల్లుప్పు సంగతి, తొలవని గొట్టం సంగతి మొదటి నుంచి చెప్పాను. ఒకసారి చెప్పాక సిగ్గు తగ్గింది. పదోసారి చెప్పేసరికి ఆయమ్మ కూడా మధ్యలో అందుకుని చింతపండు ఎంత వేసిందో చెప్పడం మొదలుపెట్టింది. నవ్వులు మొదలయ్యాయి. నవ్వుతున్నవాళ్ళు వెళ్ళిపోకుండా నిలబడ్డారు. ఇంటి బోరునీళ్ళు తెచ్చి చూపించుకున్నారు. ఒకడు కొబ్బరినీళ్ళు తెచ్చాడు. అన్నీ తెల్లబడుతుంటే, భాయ్ నీళ్ళు మాత్రం అలాగే ఉంటుంటే, వాళ్ళకు తమాషాగా ఉంది.

మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. మిరప రైతు. సీసాలో తన బోరునీళ్ళు తెచ్చాడు. చుక్కలు వేస్తే పెరుగులా విరిగింది.

"ఈ నీళ్ళు మిరప తోటకి పనికొస్తయ్యా అయ్యా? మొక్కలు కొసలు మాడుతున్నయ్. నీళ్ళ వల్లేనా?" అన్నాడు.

అంతకు ముందైతే వెంటనే ఏదో ఒకటి చెప్పేవాడిని. కావాలంటే రాసి కూడా ఇచ్చేవాడిని. నోరు తెరిచాను. పక్కన భాయ్ నన్నే చూస్తున్నాడు.

"నాకు తెలియదండీ," అన్నాను. "ఉప్పుందని మాత్రం చెప్పగలను. మొక్కల సంగతి వ్యవసాయం ఆఫీసులో అడగండి."

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత భాయ్ వైపు తిరిగి, "ట్రాక్టరుకి ఒక డబ్బా ఇవ్వు. తెలియదు అన్నాడు గదా ఈయన, తెలిసింది మాత్రం నిజమే చెప్తన్నట్టున్నాడు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అది విన్నారు. పొద్దున మాట అన్న ఆటోవాడు కూడా వచ్చి డబ్బా పట్టుకెళ్ళాడు. సాయంత్రం మా మేనేజరు గారి కారు ఆగింది. ఆయన దిగలేదు. డ్రైవరు వచ్చి ఇంట్లో ఇన్వర్టరుకు ఒక డబ్బా తీసుకుని వెళ్ళాడు. నెల తిరిగేసరికి మూడు మిల్లులూ మళ్ళీ భాయ్ దగ్గరకే వచ్చాయి.

రిటైరయ్యాక మా ఇంట్లోనూ ఇన్వర్టరు పెట్టించాను. రెండు నెలలకోసారి నీళ్ళకు భాయ్ దగ్గరకు వెళ్తాను. ఇప్పుడు బాయిలర్ దగ్గర ఆయన అల్లుడు ఉంటున్నాడు గానీ, కొట్టు ముందు కుర్చీలో మాత్రం ఆయనే. నాకు డబ్బా ఊరికే ఇవ్వడు. మూత తీస్తాడు, అద్దం ముక్క మీద ఒక చుక్క వేస్తాడు, ఎండలో పెట్టి నన్ను పక్కన కూర్చోబెడతాడు. ఆరిన తర్వాత అద్దం నా చేతికిస్తాడు. అద్దంలో నా మొహం తప్ప ఏమీ ఉండదు.

మొన్న వెళ్ళినప్పుడు తొందరలో ఉన్నాను. మూత తీయబోతుంటే ఆపాను.

"ఎందుకు భాయ్ గారూ, ఇన్నేళ్ళయింది. మీ నీళ్ళ మీద నాకు నమ్మకం లేదా ఏంటి? డబ్బా ఇచ్చెయ్యండి, పోతాను."

ఆయన వినిపించుకోలేదు. అద్దం చొక్కా కొసతో తుడిచి చుక్క వేశాడు.

"నా నీళ్ళ మీద మీకు నమ్మకం ఉంది సారూ, నాకు తెలుసు," అన్నాడు. "మీ రిపోర్టు మీద నాకు ఇంకా రాలా. కూర్చోండి."

కూర్చున్నాను. ఎండ బాగానే ఉంది, చుక్క ఆరడానికి ఎంతోసేపు పట్టలేదు.